ఫెరారాలో లేని మూడు హోటళ్లు

లింబాద్రిని చంపినవాడు అతని టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. వాడు చేసిన పొరపాటు అదొక్కటే.

2023 జూన్ చివరి వారం. ఎమిరేట్స్‌లోని ఫుజైరా రేవు. సోమవారం మధ్యాహ్నం రెండు గంటలకు అలల అడ్డుకట్ట రాళ్ల మధ్య శవం దొరికింది. ఎండదెబ్బకు కళ్లు తిరిగి నీళ్లలో పడ్డాడని కాగితాలు తయారయ్యాయి. మెడ వెనక సూది గుచ్చినంత గాటు ఉందని ఎవరూ రాయలేదు. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఒక లాంచీ హెల్పర్ మెడ వెనక చూడాల్సిన అవసరం ఎవరికి ఉంటుంది?

అతని రూంమేట్‌కి మాత్రం ఒక మాట గుర్తుంది. "నాకేమన్నయితే ఈ డబ్బా మఫ్రఖ్‌ల దేవేందరన్నకియ్యి." మంగళవారం పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఇచ్చి వెళ్లిపోయాడు.

దేవేందర్ అబుదాబీ శివార్లలో, మఫ్రఖ్‌లో ఒక కేటరింగ్ కంపెనీకి మెస్ సూపర్‌వైజర్. రోజూ నాలుగు వేలమంది కూలీలకు అన్నం, పప్పు పంపిస్తాడు. వీసా మీద ఉన్న ఉద్యోగం అది. అసలు ఉద్యోగం ఇండియా వాళ్ల ఒక గూఢచారి విభాగంలో ఫీల్డ్ ఆఫీసరు. ఊరు జగిత్యాల దగ్గర. వయసు ముప్పై తొమ్మిది. లింబాద్రి మూడేళ్లుగా అతని ఇన్‌ఫార్మర్. ఓడలకు సరుకులు తీసుకెళ్లే లాంచీలో పనిచేస్తూ, ఏ ఓడ ఎప్పుడొచ్చిందో చూసి చెప్పేవాడు.

డబ్బాలో ఎండిపోయిన అన్నం కింద, ప్లాస్టిక్ కవర్లో మడతపెట్టిన రంగుల కాగితం ఉంది. దాని మీద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు.

'ఫెరారా నగరంలో సంప్రదాయ భోజనం ఎక్కడ తినాలి? పది చోట్లు.'

దేవేందర్ రెండుసార్లు చదివాడు. లింబాద్రి జీవితంలో చూసిన పెద్ద నగరం హైదరాబాద్. అది కూడా పాస్‌పోర్ట్ పనిమీద.

* * *

దుబాయ్ కరామాలో ట్రావెల్ ఏజెన్సీ. కౌంటర్లో కంప్యూటర్ స్క్రీన్ వెనక నుంచి గుమస్తా తలెత్తకుండానే అడిగాడు.

"ఎక్కడికండీ?"

"విజయనగరం. వయా మస్కట్."

"మస్కట్ ఫుల్."

"నిలబడే పోతాను."

వెనక తలుపు క్లిక్‌మని తెరుచుకుంది. లోపల అప్పాజీ కూర్చుని ఉన్నాడు. విభాగానికి గల్ఫ్ సెక్షన్ చీఫ్. యాభై ఏడేళ్లు. రిటైర్‌మెంట్‌కి ఇంకో ఏడాది.

"బ్రోషర్ ఎవరిదో తెలుసా?" అన్నాడు, కాగితాన్ని లైటు కింద పెట్టి.

"కింద కంపెనీ పేరుంది సర్. మార్తీనా మేడమ్‌ది."

మార్తీనా. దుబాయ్‌లో డబ్బున్నవాళ్లను ఇటలీకి తిండి యాత్రలకు తీసుకెళ్లే సంస్థ నడుపుతుంది. ఓడలకు ఇటాలియన్ సరుకులు కూడా సప్లై చేస్తుంది. పుట్టింది ఫెరారాలో అని చెబుతుంది. ఒక విదేశీ ముఠాకి ఇక్కడ పోస్టాఫీసు ఆమే. రెండేళ్లుగా ఆ ముఠా రహస్యాలు అప్పాజీకి అందిస్తున్నదీ ఆమే. డబుల్ ఏజెంట్. ఫైల్లో ఆమె కోడ్ నేమ్ 'తులసి'.

"లింబాద్రి దీన్ని సరంగు సంచిలోంచి తీసుంటాడు," అన్నాడు దేవేందర్. "లాంచీ నడిపేవాడికి ఇటలీల హోటళ్లెందుకు సర్? ఇది మెసేజ్."

"అయ్యుండొచ్చు. ముఠా ఆమె బ్రోషర్‌ని ఆమెకి తెలియకుండా వాడుకుంటూ ఉండొచ్చు. తులసి క్లీన్."

"ఎట్లా చెప్తరు?"

"రెండేళ్లలో ఆమె ఇచ్చిన పదకొండు టిప్పుల్లో పదకొండూ నిజం." అప్పాజీ కళ్లజోడు తీశాడు. "నీ అసైన్‌మెంట్ ఈ కాగితం. ఆమె కాదు. డీకోడ్ చెయ్. అంతవరకే."

"లింబాద్రి?"

"శవం రేపు వెళ్తుంది. హార్ట్ ఎటాక్ అని ఇంటికి చెప్పించాం."

"ఎండదెబ్బ అన్నరు గదా?"

"హార్ట్ ఎటాక్ అయితే ప్రశ్నలు తక్కువ," అన్నాడు అప్పాజీ.

* * *

విభాగం కంప్యూటర్లు ఒక రాత్రీ పగలూ ఆ కాగితాన్ని నమిలి ఏమీ తేల్చలేకపోయాయి. ఇంటర్నెట్‌లో వెతికితే పది పేర్లూ ఎక్కడో ఒకచోట కనిపిస్తున్నాయి. ముఠా తెలివి తక్కువది కాదు. లేనివాటికి కూడా ఫొటోలు, మెచ్చుకోళ్లు పెట్టి ఉంచింది.

బుధవారం మధ్యాహ్నం దేవేందర్‌కి సత్యకుమారి గుర్తొచ్చింది.

ఆమె అతని మెస్‌లోనే వంటమనిషి. కోనసీమ. నలభై ఆరేళ్లు. అబుదాబీలో ఒక ఇటలీ ఇంజనీరు ఇంట్లో పనిచేస్తుండగా, అతను తిరిగి వెళ్లేటప్పుడు తన తల్లిని చూసుకోవడానికి ఆమెను ఫెరారాకు తీసుకెళ్లాడు. అక్కడ తొమ్మిదేళ్లుంది. 2020 మార్చిలో ఆ ముసలావిడ కరోనాతో పోయింది. పర్మిట్ అయిపోయింది. మళ్లీ గల్ఫుకే వచ్చి, మఫ్రఖ్‌లో గంగాళంలో సాంబారు కలుపుతోంది.

స్టోర్ రూంలో ఉల్లిపాయ బస్తాల మధ్య ఆమె కళ్లజోడు పెట్టుకుని కాగితం అందుకుంది.

"అబ్బో! ఇదెక్కడిది తమ్ముడూ?" ఆమె ముఖం వెలిగిపోయింది. "ఇదిగో, ఈ మొదటిది కోట వెనకాల. కప్పెల్లాచ్చి బాగుంటాది. గుమ్మడికాయ పెట్టి టోపీల్లాగ చుడతారు. రెండోది నదిపాయ దగ్గర. వాళ్లు మలుగుచేప కాలుస్తారు. మన గోదాట్లో దొరికే మలుగే. ముసలమ్మగారు ముళ్లు తీసి పెట్టమనేవారు."

"మూడోది?"

ఆమె వేలు ఆగింది. మళ్లీ చదివింది.

"ఇది లేదు."

"మూసేసిండ్రేమో?"

"మూసేస్తే మూసేసిందంటాను కదా! వియా దెల్లె వోల్తె వీధి. పైన ఆర్చీలు, కింద గులకరాళ్లు. ఆ రాళ్ల మీద చక్రాల కుర్చీ తొయ్యలేక నా నడుం పడిపోయేది. తొమ్మిదేళ్లు తోశాను. ఆ వీధిలో ఏ గుమ్మం ఎక్కడుందో నాకు తెలీదా? ఇక్కడ భోజనశాల ఎప్పుడూ లేదు."

పది పేర్లూ చదివింది. ఏడింటిని చుట్టాల పేర్లలా చెప్పింది. మూడింటి దగ్గర తల అడ్డంగా ఊపింది. మూడోది, ఆరోది, తొమ్మిదోది.

దేవేందర్ ఆ మూడింటి వివరాలు విడిగా రాసుకున్నాడు. మూడోదాని డోర్ నెంబరు 25/11. ఆరోదానిది 56/27. తొమ్మిదోది తెరిచేది శుక్రవారం మాత్రమే, 2.20కి.

పెన్ను పక్కన పెట్టి ఫోన్లో మ్యాప్ తెరిచాడు. 25 డిగ్రీల 11 నిమిషాలు ఉత్తరం. 56 డిగ్రీల 27 నిమిషాలు తూర్పు. ఎర్ర చుక్క ఫుజైరా ఎదురుగా సముద్రంలో ఆగింది. ఇంధనం నింపుకునే ఓడలు లంగరు వేసే చోటు.

శుక్రవారం అక్కడ ఉండబోయే ఓడల లిస్టులో ఇండియా జెండా ఉన్నది ఒకటే. ఆయిల్ ట్యాంకర్ 'గోస్తనీ'. సిబ్బంది ఇరవై నలుగురు.

"ఏమైంది తమ్ముడూ?" అంది సత్యకుమారి. "మొహం అలా అయిపోయింది."

అతను ఎంత చెప్పవచ్చో అంత చెప్పాడు. ఆమె ఉల్లిపాయ బస్తా మీద కూర్చుండిపోయింది.

"నాతోటి ఒక పని చేస్తవా అక్కా? ఈ కాగితం రాసినామె ఫెరారాల పుట్టిన్నంటది. నిజమో కాదో నీకొక్కదానికే తెలుస్తది."

"నాకేంటి భయం? అడిగేస్తాను." ఆమె కాగితం తిరిగి ఇచ్చింది. "నాకొకటి చేసిపెడతావా మరి? ముసలమ్మగారు పోయినప్పుడు పెట్టె లారీలో తీసుకెళ్లిపోయారు. నన్ను గుమ్మం దాటనివ్వలేదు. ఆవిడ సమాధి ఎక్కడుందో చూడలేదు నేను. ఒక్కసారి వీసా ఇప్పిస్తే, ఒక పువ్వు పెట్టి వచ్చేస్తాను."

"ఇప్పిస్తా."

"మాటేనా?"

"మాటే అక్కా."

ఆ మాట ఇచ్చేటప్పుడు అతను అబద్ధమాడలేదు. అదే తర్వాత అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

* * *

గురువారం మధ్యాహ్నం దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్లో మార్తీనా విందు. 'ఫెరారా రుచులు.' ఎనభైమంది అతిథులు. దేవేందర్ పంపిన ఎక్స్‌ట్రా వంటవాళ్లలో సత్యకుమారి ఒకరు. ఏప్రన్ మీద రెండో గుండీలో కెమెరా, మైకు, చెవిలో బియ్యపుగింజంత ఇయర్‌పీస్. పార్కింగ్‌లో వ్యాన్‌లో కూర్చుని దేవేందర్ స్క్రీన్ చూస్తున్నాడు.

మార్తీనా ఆకుపచ్చ పట్టు గౌనులో ఉంది. ఆమె నడుస్తుంటే అతిథుల మాటలు తగ్గిపోతున్నాయి. సలామా వడ్డించే టేబుల్ దగ్గర ఆగింది. ఫెరారా వాళ్లు ప్రాణం పెట్టే వంటకం అది. వైన్, మసాలాలు దట్టించి నెలల తరబడి ఆరబెట్టిన పంది మాంసం గుండ్రటి ముద్ద.

సత్యకుమారి ప్లేటు అందిస్తూ ఇటాలియన్‌లో అడిగింది. "సిన్యోరా, మీ ఇంట్లో దీన్ని ఎంతసేపు ఉడికించేవారు?"

మార్తీనా నవ్వింది. "నలభై నిమిషాలు. మా అమ్మ చేతివంటకి సాటి లేదు."

ప్లేటు అందిస్తున్న సత్యకుమారి చెయ్యి అక్కడే ఆగింది.

మార్తీనా కూడా ఆగింది. పొరపాటు ఏమిటో ఆమెకు తెలియదు. కానీ ఎదుటి మనిషి కళ్లలో ఏదో మారిందని తెలిసింది. వెంటనే సత్యకుమారి భుజం చుట్టూ చెయ్యి వేసింది. "ఇంత చక్కని ఇటాలియన్! ఎక్కడ నేర్చుకున్నావు?"

"టీవీ చూసి అమ్మా."

"మనిద్దరం ఒక ఫొటో దిగాలి."

ఫోను ఎత్తి నవ్వుతూ సెల్ఫీ తీసుకుంది. సత్యకుమారి ముఖం ఇప్పుడు మార్తీనా ఫోన్లో ఉంది.

"అక్కా, వెనక తలుపు. యల్లా, జల్ది!" అన్నాడు దేవేందర్ మైకులో.

ఏప్రన్‌తోనే ఆమె వ్యాన్ ఎక్కింది. ఆయాసంతో మాట సరిగ్గా రావడం లేదు. "నలభై నిమిషాలంటాదేంటి? కర్రకి కట్టి, గిన్నె అడుగు తగలకుండా నీళ్లల్లో వేలాడదీసి, ఐదారు గంటలు ఉడికించాలి. పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి. అక్కడ పసిపిల్లకి కూడా తెలుసు. ఆవిడ ఆ ఊరి మనిషి కాదు తమ్ముడూ. ఆ ఊరు చూసిందేమో, ఆ ఊళ్లో తినలేదు."

దేవేందర్ అప్పాజీకి సెక్యూర్ లైన్‌లో ఫోన్ చేశాడు.

"సర్, తులసి ఫేక్. ఆమె జీవితకథ మొత్తం అబద్ధం. ఆ పదకొండు టిప్పులు మనకు వేసిన ఎర. కాగితంల లేని హోటళ్ల నంబర్లు ఫుజైరా లంగరు చోటు. రేపు 2.20కి గోస్తనీ పేలుతది."

"తులసి మీద ఎవిడెన్స్?"

"సలామా నలభై నిమిషాల్లో ఉడకదు సర్."

"ఒక వంటమనిషి మాట మీద రెండేళ్ల అసెట్‌ని వదులుకోమంటావా? దీన్ని రిపోర్టులో ఎలా రాయను? నో యాక్షన్. నువ్వు మఫ్రఖ్ వెళ్లి డ్యూటీ చూసుకో."

"మరి ఓడ?"

"రేవు అధికారులకి జనరల్ అలర్ట్ పంపిస్తాను."

దేవేందర్ ఫోన్ పెట్టేశాడు. సత్యకుమారిని మఫ్రఖ్‌కి తీసుకెళ్లే వీలు లేదు. మార్తీనా మనుషులు వంటవాళ్ల లిస్టు తీసుకోవడానికి గంట చాలు. ఆమెను కరామాలో తెలిసినవాళ్ల బెడ్‌స్పేస్‌లో, మంచాలు అద్దెకిచ్చే గదిలో, ఉంచాడు. మెస్‌లో ఆ పూట, మర్నాడు పొద్దున్న ఆమె హాజరు పడలేదు.

* * *

శుక్రవారం ఒంటిగంట నలభై. ఫుజైరా.

ఎండలో పని నిషేధించిన వేళ. పైగా జుమా నమాజు. జెట్టీ మీద మనిషి లేడు. క్రేన్లు కూడా కదలడం లేదు. ఒకే ఒక్క లాంచీ ఇంజను ఆన్ చేసి ఉంది. సరుకులు ఎక్కించడానికి ఒక ట్రాలీ సిద్ధంగా ఉంది.

దేవేందర్ తెల్ల కోటు, హెల్మెట్, మెడలో ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఐడీ కార్డుతో దిగాడు. పక్కన సత్యకుమారి, చేతిలో క్లిప్‌బోర్డు. ఇటలీ సరుకుల్లో తేడా ఉంటే కనిపెట్టగలిగేది ఆమే. జనరల్ అలర్ట్ ఇంకా ఎవరికీ చేరినట్టు లేదు.

సరంగు కాగితాలు చూపించాడు. బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిపాయలు. చివరి లైన్ దగ్గర దేవేందర్ కళ్లు ఆగాయి. గ్రానా చీజ్, బండిచక్రాల్లాంటి గుండ్రటి దిమ్మలు ఆరు. సప్లయర్ మార్తీనా కంపెనీ.

అతను పదేళ్లుగా మెస్ నడుపుతున్నాడు. "ఇరవై నలుగురు మనోళ్లు," అన్నాడు తెలుగులో, సత్యకుమారికి మాత్రమే వినిపించేలా. "రెండు క్వింటాళ్ల చీజ్ ఎవడు తింటడు?"

సరంగు హిందీలో మొత్తుకున్నాడు. లేటవుతోందన్నాడు, ముదీర్‌కి, అంటే మేనేజర్‌కి, ఫోన్ చేస్తానన్నాడు. ఫోన్ చేస్తున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా గేటు వైపు నడిచాడు. తర్వాత వేగంగా నడిచాడు. తర్వాత పరుగెత్తాడు.

దేవేందర్ వెంటపడలేదు. సరంగు పారిపోయాడంటే బాంబు ట్రాలీ మీదే ఉంది. టైమర్ నడుస్తోంది. జెట్టీ పక్కనే నూనె పైపులు, వాటి వెనక ట్యాంకులు.

టైం 2.02.

జేబులోంచి స్కానర్ తీశాడు. ఫోన్ లాంటి పరికరం. విభాగం గర్వంగా ఇచ్చినది. ట్రాలీ ఇనుముదే కావడంతో అది ఆరు చీజ్ చక్రాల దగ్గరా ఒకేలా కూసింది. ఒక్కో చక్రం ముప్పై అయిదు కేజీలపైనే. కోసి చూస్తే పేలవచ్చు. ఆరింటినీ పైపులకు దూరంగా, అలల అడ్డుకట్ట చివరిదాకా మోసే టైం లేదు.

"జరుగు," అంది సత్యకుమారి.

అతని టూల్ కిట్‌లోంచి చిన్న సుత్తి తీసుకుంది. "వాళ్లు చీజ్ మంచిదో కాదో ఇలాగే చూస్తారు. ముసలమ్మగారి ఆయన ఈ పనే చేసేవారంట. ఆవిడ నాకు నేర్పింది, కొనేటప్పుడు మోసపోకుండా."

మొదటి చక్రాన్ని మూడు చోట్ల తట్టింది. టక్, టక్, టక్. చెవి ఆనించింది. రెండోది. మూడోది. ఆమె గడ్డం నుంచి చెమట చుక్కలు చీజ్ మీద పడుతున్నాయి. నాలుగోదాన్ని అంచున తట్టింది, నడిమిన తట్టింది. మళ్లీ నడిమిన.

"ఇది మూగది," అంది.

"పక్కాగా?"

"మిగతావి పలుకుతున్నాయి. ఇది పలకట్లేదు."

2.11. ఇద్దరూ కలిసి మిగతా సరుకులు కిందికి లాగేశారు. ట్రాలీని అలల అడ్డుకట్ట వైపు తోశారు. మూడువందల మీటర్లు. ఇనుప పిడి కాలి చేతులు అంటుకుపోతున్నాయి. సగం దూరంలో ట్రాలీ చక్రం రాళ్లలో ఇరుక్కుంది.

"నువ్ పో అక్కా!"

"చక్రాల బండి తొయ్యడం నాకు నేర్పుతావేంటి? ఆ పక్కకి ఎత్తు!"

ఎత్తాడు. కదిలింది. అడ్డుకట్ట చివర ట్రాలీతో సహా సముద్రంలోకి తోసేసరికి 2.19. వెనక్కి పరుగెత్తుతూ ఆమె రాళ్ల మీద పడింది. మణికట్టు విరిగిన చప్పుడు అతనికి వినిపించింది. ఆమె మీద బోర్లా పడుకున్నాడు.

నీళ్లు నాలుగంతస్తుల ఎత్తు లేచాయి. రాళ్లు కురిశాయి. తర్వాత చాలాసేపు ఉప్పునీటి వాన.

లంగరు దగ్గర గోస్తనీ కదలకుండా నిలబడి ఉంది. ఓడలో ఇరవై నలుగురూ ఆ టైంలో భోజనం చేస్తున్నారని తర్వాత తెలిసింది. సరుకులు రాలేదని వంటవాడిని తిట్టుకున్నారట.

* * *

పోలీసులు ఇద్దరినీ పట్టుకుని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టారు. అప్పాజీ ఫోన్ కాల్‌తో నలభై నిమిషాల్లో దేవేందర్ బయటికి వచ్చాడు. గేటు బయట కారులో అప్పాజీ స్వయంగా ఉన్నాడు.

"ఆమె ఏది సర్?"

"ఒక్కరినే తీయగలిగాను. ఆమె మీద కంపెనీ పొద్దున్నే అబ్‌స్కాండింగ్ రిపోర్ట్ పెట్టింది. పని వదిలి పారిపోయింది. అనుమతి లేకుండా రేవులో దొరికింది. నేనేం చెప్పను వాళ్లకి?"

"మన మనిషని చెప్పండి."

"చెబితే మనం ఈ దేశంలో ఏం చేస్తున్నామో కూడా చెప్పాలి." అప్పాజీ ఒక కాగితం ఇచ్చాడు. 'పై మహిళ నాకు పరిచయం లేదు. ఆమె రేవులో ఎందుకున్నదో నాకు తెలియదు.' కింద సంతకానికి చోటు. "నువ్వు సంతకం పెట్టకపోతే కేసు గూఢచర్యం అవుతుంది. ఇద్దరికీ. పెడితే ఆమెకి డిపోర్టేషన్‌తో పోతుంది. ఆలోచించుకో."

"మార్తీనా?"

"ఎయిర్‌పోర్ట్‌లో మనవాళ్లకి దొరికింది. ముఠాలో ఏడుగురి పేర్లు చెప్పింది. సేఫ్ హౌస్‌లో ఉంది." అప్పాజీ ఏసీ పెంచాడు. "ఇప్పుడు నిజంగానే మన మనిషి."

దేవేందర్ సంతకం పెట్టాడు. పెన్ను రాయకపోతే ఇంకో పెన్ను అడిగి తీసుకుని పెట్టాడు.

* * *

పన్నెండు రోజుల తర్వాత డిపోర్టేషన్ సెంటర్‌లో అద్దానికి అవతల సత్యకుమారి కూర్చుంది. చేతికి కట్టు. రిసీవర్ ఎడమచేత్తో పట్టుకుంది.

"బాగున్నవా అక్కా?"

"బాగానే చూస్తున్నారు. చెయ్యి సలుపుతుంది, అంతే." కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. "నన్ను ఎరగనని రాసిచ్చావంట. ఇక్కడ పోలీసాయన చదివి వినిపించాడు."

"అవునక్కా."

"మంచిదే. నీ ఇబ్బంది నీకుంటుంది." ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే అతనికి తేలికగా ఉండేది. "పాస్‌పోర్ట్ మీద జీవితాంతం బ్యాన్ కొట్టారు. ఈ స్టాంపు చూశాక ఇటలీ వాళ్లు కూడా రానివ్వరంటున్నారు. ఆ వీసా మాట ఇంక మర్చిపో."

"నేను మళ్ల ప్రయత్నం చేస్త..."

"వద్దు. నువ్వు మాటిస్తే నేను మళ్లీ నమ్ముతాను."

గార్డు టైం ఖలాస్ అన్నాడు. ఆమె లేచి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ రిసీవర్ చెవికి పెట్టుకుంది.

"ఒకటి చెప్పు. ఎరగని మనిషిని చూడ్డానికి ఇంత దూరం ఎందుకొచ్చావు?"

అతను జవాబు చెప్పేలోగా లైన్ కట్ అయింది.

సెప్టెంబరులో అప్పాజీకి మెడల్ వచ్చింది. దేవేందర్‌కి కొత్త సీల్డ్ కవరు వచ్చింది. తులసికి కొత్త పాస్‌పోర్ట్, కొత్త పేరు సిద్ధమయ్యాయనీ, ఈసారి ఆమె పుట్టిన ఊరు నేపుల్స్ అనీ అందులో ఉంది. గతంలో జరిగిన లోపం మళ్లీ జరగకుండా విభాగం తీసుకున్న జాగ్రత్త కూడా ఉంది.

దేవేందర్ అసైన్‌మెంట్: తులసికి ఆ ఊరి వంటలు నేర్పడానికి, నేపుల్స్‌లో పనిచేసి వచ్చిన ఒక వంటమనిషిని వెతికి పట్టుకోవడం. నమ్మకస్తురాలై ఉండాలి.